ఎండబెట్టిన సెల్లులు

మళ్ళీ అదే టేపు. ఆత్మకూరు బస్టాండులో క్యాసెట్ల అంగడివాడు పొద్దున్నించీ వినిపించింది చాలదన్నట్టు ఇప్పుడు ఈ ప్రైవేటు బస్సు డ్రైవరు కూడా దాన్నే పెట్టాడు. సుధారాణి కిటికీ వైపు జరిగి, చేతిసంచీ ఒళ్ళో పెట్టుకుని, కొంగు చెవుల మీదికి లాక్కుంది. కొంగు అడ్డం పెడితే ఆగే పాటా అది. గేరు రాడ్డు పక్కన కొక్కేనికి తగిలించిన టూ-ఇన్-వన్ బస్సు గుంతలో పడినప్పుడల్లా ఊగుతోంది, పాట మాత్రం ఎక్కడా తొణకడం లేదు. ముందు అద్దం కింద, మధ్యాహ్నపు ఎండ నేరుగా పడేచోట, డ్రైవరు పాత బ్యాటరీ సెల్లులు వరసగా పేర్చుకున్నాడు. వాటిని చూడగానే ఆమెకు ఒళ్ళు మండింది. అయిపోయిన సెల్లును పారేసే మనిషి ఈ మెట్ట ప్రాంతంలో ఇంకా పుట్టలేదు. ఎండలో పెడితే దానికి మళ్ళీ ప్రాణం వస్తుందని అందరికీ గట్టి నమ్మకం. కాస్త వస్తుంది కూడా, అదీ ఖర్మ. బొత్తిగా రాకపోయి ఉంటే ఇవాళ తను ఈ బస్సులో ఇలా పళ్ళు కొరుక్కుంటూ కూర్చోవలసిన పనే ఉండేది కాదు. ఆ టేపులో పాడుతున్నది తనే. ఆ సంగతి చెబితే ఈ బస్సులో ఒక్కరు కూడా నమ్మరు.

నమ్మరు, ఎందుకు నమ్ముతారు, తన గొంతేమో బావిలోంచి వచ్చినట్టు ఉంటుంది, టేపులో గొంతేమో పోను పోను సన్నబడి, చివరికి పదేళ్ళ పిల్ల గొంతైపోతుంది. పోయిన ఎండాకాలం మార్కెట్ యార్డులో ప్రోగ్రాం. మెట్టగాలి అని పేరు పెట్టుకున్నారు తమ జట్టుకు, శాంతికుమార్ గిటారు, మల్లికార్జున డ్రమ్ములు, పాట తనది. బ్యాండు అంటే చాలు, పెళ్ళిళ్ళకు సన్నాయి కూడా తెస్తారా అని అడిగేవాళ్ళు ఊళ్ళో. ఆ రోజు ఎవరూ టేపు చెయ్యకూడదని శాంతి ముందే చెప్పాడు, నెల్లూరులో స్టూడియోకు పోయి సరిగ్గా చేయిద్దామని అతని ఆశ. అతని సొంత చిన్నాన్న కొండలయ్యే ముందు వరసలో కూర్చుని, ఒళ్ళో టేపురికార్డరు పెట్టుకుని, పైన తుండుగుడ్డ కప్పి, దొంగతనంగా మొత్తం పట్టేశాడు. ప్రేమతోనే, కాదనడానికి లేదు. అందులో వేసిన సెల్లులు మాత్రం మిద్దె మీద రెండు రోజులు ఎండబెట్టినవి. "బ్రహ్మాండంగా పని చేసినాయి పాపా," అని తర్వాత ఆయనే మురిసిపోతూ చెప్పాడు. ఏం పని చేశాయి, సగం ప్రోగ్రాం నుంచీ నీరసించాయి. పట్టేటప్పుడు టేపు మెల్లగా తిరిగితే, తర్వాత మంచి సెల్లులతో వినేటప్పుడు పాట పరుగెత్తుతుంది, గొంతు సన్నబడుతుంది. ఇంతే సంగతి. ఇందులో కళ లేదు, ప్రయోగం లేదు, పరిణామం లేదు. ఆయన ఇచ్చిన ఆ క్యాసెట్టుకు నకలు, నకలుకు నకలు తీసి అంగడివాడు కొండాపురం నుంచి సీతారామపురం దాకా పంచిపెట్టాడు.

పరిణామం. ఆ మాట అన్నవాడు రామనారాయణ, ఉదయగిరి కాలేజీలో తెలుగు లెక్చరర్. ఇవాళ వార్షికోత్సవానికి తమను పిలిచింది ఆయనే. పోయిన నెల ఆత్మకూరులో ఏదో సభలో మైకు పట్టుకుని, మెట్టగాలి ధ్వనిలో వచ్చిన మార్పును మనం గమనించాలి అన్నాడు. క్యాసెట్టు మొదటి వైపు దుఃఖభారంతో అడుగులు వేసిన గానం రెండో వైపుకు వచ్చేసరికి ఆ బరువును విదిలించుకుని ఆశ వైపు పరుగు తీసింది అన్నాడు. చప్పట్లు. సుధారాణి వెనక కుర్చీలో కూర్చుని చీర అంచు నలుపుకుంది. లేచి, అయ్యా, అది ఆశ కాదు, సెల్లులు అయిపోయినాయి అని చెప్పాలనుకుంది. చెప్పలేదు, ఎందుకంటే ముందు వరసలో శాంతికుమార్ తల ఊపుతున్నాడు. మొహమాటానికి ఊపుతున్నాడేమో అనుకుంది. కాదు. ఆ నెలలోనే రిహార్సల్స్‌లో వేగం పెరిగింది. మల్లికార్జునకైతే పండగే, వాడి చేతులకు అసలే నిదానం లేదు. "జనం ఎగరతా ఉండారు సుధక్కా, ఎగిరేవాళ్ళను కూర్చోబెట్టేదేంది?" అంటాడు. ఎగరాలా, చెరువు ఎండిపోయిందని పాడే పాటకు ఎవడైనా ఎగురుతాడా.

పక్క సీటులో ముసలామె ఆసుపత్రి చీటీలున్న ప్లాస్టిక్ కవరును రొమ్ముకు అదుముకుని కూర్చుంది. తెల్ల చీర, మెడలో చిన్న శిలువ. బస్సు ఎక్కినప్పటి నుంచీ ఆమెకు ఒకటే బెంగ.

"సీతారామపురం బస్సు దొరుకుతుందంటావా పాపా? ఇదేమో ఇట్ట పాకతా ఉండాది."

"దొరుకుద్దిలే అవ్వా. చీకటి పడేలోపల ఒకటి ఉండాది."

"యాడి దాకా నువ్వు?"

"ఉదయగిరి. కాలేజీలో పాటల ప్రోగ్రాం ఉండాది."

"నువ్వు పాడతావా?" అని ముసలామె ఆమెను పైనుంచి కిందికి చూసింది. "గొంతు మగోడి మాదిరి ఉండాదే నీకు," అని ఏ దురుద్దేశమూ లేకుండా, వాన వచ్చేట్టుంది అన్నంత మామూలుగా అనేసి, "నన్ను రాహేలమ్మంటారు," అని తన పేరు చెప్పింది.

మగగొంతు. ఈ మాట పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచీ వింటున్నదే, కొత్తగా కోపం రావలసిన పని లేదు, అయినా వస్తుంది. కొండాపురం చర్చిలో పాటల గుంపును నడిపించేది లిదియమ్మ టీచరు. క్రిస్మస్‌కు ముందు ప్రాక్టీసు, పిల్లలంతా వరసగా నిలబడితే లిదియమ్మ ఒక్కొక్కరి నోటి దగ్గర చెవి పెట్టి వినేది. సుధారాణి దగ్గరకు వచ్చి ఆగిపోయింది. మళ్ళీ పాడమంది. తల గోక్కుంది. "నువ్వు వెనక వరసలో నిలబడు. పెదాలు కదిలించు, చాలు. శబ్దం రానియ్యబాక." ఆ క్రిస్మస్‌కూ, తర్వాతి క్రిస్మస్‌కూ, ఆ తర్వాత ఎన్నింటికో, కొత్త గౌను వేసుకుని వెనక వరసలో నిలబడి పెదాలు కదిలించింది. నాయన మిషన్ స్కూలులో టీచరు, ముందు బెంచీలో కూర్చునేవాడు, కూతురు నోరు కదలడం చూసి మురిసిపోయేవాడు. శబ్దం లేదని ఆయనకు తెలియదు. చెప్పడానికి సుధారాణికి మనసొప్పలేదు. ఇంటికొచ్చాక దొడ్లో గేదెకు మేత వేస్తూ ఆ పాటలన్నీ కడుపునిండా పాడుకునేది, గేదె మాత్రం ఏ వంకా పెట్టలేదు. తన అవ్వ ఒక్కతే అనేది, "నా గొంతే వచ్చినాది దీనికి," అని. అవ్వ వేరుశనగ చేలో కలుపు తీస్తూ పాడేది. ఒక్కో మాటకూ ఒక్కో మొక్క. వంగిన నడుముకు ఎంత నిదానం కావాలో పాటకూ అంతే నిదానం. ఆ గొంతు గట్టు దాటి రోడ్డు దాకా వినిపించేది. సన్నగొంతులు అంత దూరం పోవు, గాలి మింగేస్తుంది.

టిక్కుమని మొదటి వైపు అయిపోయింది. కండక్టరు వచ్చి క్యాసెట్టు తిప్పి వేశాడు. వేస్తూ, "ఇప్పుడు వినండి, అసలు మజా ఈ పక్కన ఉండాది," అని బస్సుకంతా ప్రకటించాడు. మజా. సుధారాణి కళ్ళు మూసుకుంది. మూసుకుంటే శాంతికుమార్ కనిపించాడు, ఈ పొద్దున కనిపించినవాడు కాదు, ఆరేళ్ళ కిందటివాడు, మద్రాసులో చదువు పూర్తి చేసుకుని ఒక గిటారూ ఒక పెట్టెడు ఇంగ్లీషు క్యాసెట్లూ వెంటబెట్టుకుని కొండాపురం వచ్చినవాడు. ఆ క్యాసెట్లలో పాటలు విని ఊరు ఊరంతా చెవులు మూసుకుంది. తీగలు ఒరుసుకుంటున్నట్టు, గరగరమంటూ, బరువుగా, ఎవరికీ నచ్చాలన్న తాపత్రయం లేకుండా. సుధారాణికి మాత్రం అందులో పాడేవాళ్ళ గొంతులు విని ఆశ్చర్యమేసింది, ఇలాంటి గొంతుల్ని కూడా ముందు వరసలో నిలబెడతారా అని. ఒకరోజు చర్చి వరండాలో ఆమె ఎవరినో కేకేస్తుంటే శాంతి విన్నాడు. "ఇంకోసారి పిలువు," అన్నాడు. పిలిచింది. "ఈ గొంతు కింద నా గిటారు ఉండాల సుధా. పైన కాదు, కింద," అన్నాడు. ఎవరైనా ప్రేమిస్తున్నానని చెప్పినా ఆమెకు అంత సంతోషం కలిగేది కాదేమో. శాంతి మీద ఆమెకు అలాంటి ఆశ ఎప్పుడూ లేదు, ఉన్నదల్లా ఆ మాట మీదే. ఆ మాట మీద ఆరేళ్ళు నడిచింది. బడిలో పిల్లలకు పాఠాలు చెప్పి, సాయంత్రం నేరుగా రిహార్సల్. చెరువు పాట తామిద్దరూ కలిసి కట్టారు. చెరువు అడుగున నడిచినాము నాయనా, నీళ్ళున్నప్పుడు నీదీ నాదీ, ఇంకినాక ఎవురిదీ. ఒక్కో మాటా పగిలిన మట్టి మీద కాలు పెట్టినట్టు రావాలి. అడుగుకూ అడుగుకూ మధ్య ఖాళీ ఉండాలి. ఆ ఖాళీ కోసం మల్లికార్జునతో ఎన్ని పోట్లాటలు.

ఈ పొద్దున ఆ శాంతే, జీపులోకి స్పీకర్లు ఎక్కిస్తూ, మొహం చూడకుండా చెప్పాడు. "సుధా, కోపం తెచ్చుకోబాక. చెరువు పాట ఇయ్యాళ అశ్విత పాడుతుంది. నువ్వు పక్కన నిలబడి హమ్మింగ్ ఇయ్యి."

అశ్విత ఇంటర్ చదివే పిల్ల. గొంతు సన్నగా, తియ్యగా, టేపులో ఉన్నట్టే ఉంటుంది. పాపం ఆ టేపు విని విని అలాగే పాడడం నేర్చుకుంది. ఆ పిల్ల మీద కోపం ఎలా తెచ్చుకోవాలో కూడా సుధారాణికి తెలియలేదు.

"టేపు తప్పని నీకు తెలుసు గదా శాంతీ."

"తెలుసు. అయితే ఏం చేయమంటావు? మనం వాయించింది మనకు తెలుసు. జనానికి తెలిసింది ఆ టేపే. వాళ్ళు దానికోసం వస్తా ఉండారు."

"అది నా గొంతు కాదు."

"నీ గొంతని వాళ్ళెవురికి తెలుసు?" అన్నాడు, అని నాలిక్కరుచుకున్నాడు. నాలిక కరుచుకున్నా అన్న మాట వెనక్కి పోదు కదా. జీపు ఎక్కమన్నాడు. ఆమె ఎక్కలేదు. బస్సులో వస్తానంది. వస్తానని అన్నదే గానీ వచ్చి ఏం చేస్తుందో ఆమెకే తెలియదు. హమ్మింగ్ అంటే ఏమిటి, పెదాలు మూసుకోవడం. లిదియమ్మ టీచరు నయం, కనీసం పెదాలు కదిలించమంది. ఈ దారిలో ఎక్కడ దిగినా వెనక్కి బస్సు ఉంటుంది. దిగిపోవచ్చు. రేపు బడికి పోవచ్చు, ఎక్కాలు చెప్పుకోవచ్చు, ఇక ఎప్పుడూ పాడకుండా బతకవచ్చు, అలా బతికేవాళ్ళు లక్షల మంది ఉన్నారు, వాళ్ళంతా బాగానే ఉన్నారు. దిగిపోవాలని ఒకసారి, పోయి శాంతి చెంప పగలగొట్టాలని ఒకసారి, ఊరికే ఏడవాలని ఒకసారి అనిపిస్తోంది. మూడూ ఒకేసారి అనిపిస్తే ఏం చేస్తాం, కిటికీలోంచి చూస్తూ కూర్చుంటాం. బయట ఎర్రమట్టి, కంపచెట్లు, ఎండిన వాగు, వాగు మీద, కింద నీళ్ళు పారగా ఎవరూ చూడని వంతెన.

బస్సులో జనానికి హుషారొచ్చింది. వెనక సీట్లో కుర్రాళ్ళు రేకు మీద దరువేస్తున్నారు. కండక్టరు టిక్కెట్ల డబ్బా మీద వేళ్ళతో తాళం. ఎవరో పెద్దాయన, "ఎవురో గానీ పాప, భలే తీపి గొంతు," అన్నాడు. తన ముక్కు ముందే, తన పాట గురించే, తనకు కాని పొగడ్త. ఆ పొగడ్తను ఎక్కడ పెట్టుకోవాలి, ఎవరికి తిరిగి ఇచ్చేయాలి. కొండలయ్యకా, ఆయన సెల్లులకా. చెరువు అడుగున నడిచినాము అని టేపులో పిల్లగొంతు కిలకిలమంటూ పరుగెడుతోంది, ఎండిన చెరువులో పిల్లలు తొక్కుడుబిళ్ళ ఆడుతున్నట్టుంది తప్ప దాహమన్నది ఎక్కడా లేదు. రాహేలమ్మ ఒక్కతే మొహం చిట్లించుకుంది. "ఏందమ్మా ఈ కీచు కీచు. నా చెవులో దోమ దూరినట్టుండాది," అంది. సుధారాణికి నవ్వొచ్చింది, పొద్దున్నించీ మొదటిసారి.

అప్పుడు మొదలైంది. మొదట ఆమె గమనించలేదు, బస్సు మలుపు తిరుగుతోంది కాబట్టి అలా వినిపిస్తోందనుకుంది. మలుపు అయిపోయింది, పాట మాత్రం ఇంకా వంగుతూనే ఉంది. పరుగు నడకవుతోంది. డ్రమ్ముకూ డ్రమ్ముకూ మధ్య సందు పడుతోంది. డ్రైవరు టూ-ఇన్-వన్‌లో సెల్లులు అయిపోతున్నాయి. పట్టినప్పుడు నీరసించిన సెల్లులు, వినేటప్పుడూ నీరసిస్తున్న సెల్లులు. పిల్లగొంతుకు కాస్త ఈడొచ్చింది, ఇంకాస్త దిగింది, దిగి దిగి, ఎవరో తెలిసిన మనిషి తలుపు తీసుకుని లోపలికి వచ్చినట్టు, అదిగో, తన గొంతు. సుధారాణి చెవుల మీంచి కొంగు తీసేసింది. కిందినుంచి శాంతి గిటారు గరగరమంటూ మోస్తోంది, పైన కాదు, కింద. ఇన్ని నెలల తర్వాత ఆ సాయంత్రాన్ని ఆమె మళ్ళీ విన్నది. అలాగే పాడింది తను. సరిగ్గా ఇలాగే. తన తప్పు ఏమీ లేదు. ఆ మాట ఎవరైనా చెబుతారేమోనని ఇన్నాళ్ళూ ఎదురుచూస్తున్న సంగతి ఆమెకు అప్పుడే తెలిసింది.

"టేపు పోయినాదిరా," అని వెనకనుంచి కుర్రాళ్ళు అరిచారు. "ఆపేయ్ అన్నా, దెయ్యం మూలిగినట్టుండాది." తీపి గొంతు అన్న పెద్దాయన అయ్యో పాపం అని చప్పరించాడు. డ్రైవరు స్టీరింగ్ వదలకుండానే అద్దం కింద ఎండుతున్న సెల్లుల వైపు గడ్డంతో చూపించాడు. "అయ్యి వెయ్యబ్బా, బాగా కాగినట్టుండాయి." కండక్టరు వాటిని అరచేతిలో పోసుకుని, ఉఫ్ ఉఫ్ అని ఊదుతూ టూ-ఇన్-వన్ వెనక మూత మీద చెయ్యి వేశాడు.

"ఉండయ్యా," అంది రాహేలమ్మ. "ఇంతసేపూ కీచుమన్నప్పుడు ఒక్కరూ మాట్లాడలా. ఇప్పుడు గదా ఒక మడిసి పాడతా ఉండాది. విననియ్యి."

కండక్టరు విసుక్కున్నాడు గానీ ముసలామె మాట కాబట్టి ఒక్క క్షణం ఆగాడు. ఆ క్షణంలోనే, తను ఏం చేస్తున్నదీ ఆలోచించకుండానే, సుధారాణి టేపుతో పాటు ఎత్తుకుంది. గట్టిగా కాదు, పక్కసీటుకు వినబడేంత. నీళ్ళున్నప్పుడు నీదీ నాదీ. టేపులోదీ తనదీ ఒకే గొంతు, కాసేపు ఏది ఏదో తెలియలేదు. తర్వాత సెల్లులు ఇంకా దిగిపోయాయి, టేపులో గొంతు తనను దాటి కిందికి జారిపోయి, సాగి, మూలిగి, ఆగిపోయింది. సుధారాణి ఆగలేదు. ఇంకినాక ఎవురిదీ, అని ఖాళీ వదిలింది, ఎంత వదలాలో అంత, మల్లికార్జున లేడు కాబట్టి ఎవరూ తొందరపెట్టలేదు, ఇంజను మాత్రమే ఆ ఖాళీలో గురగురమంది. తర్వాతి చరణం ఎత్తుకుంది. ఈసారి గొంతు గట్టు దాటింది.

కండక్టరు చేతిలో సెల్లులతో టూ-ఇన్-వన్‌ను తిప్పి తిప్పి చూశాడు. "నిలిచిపోయినాది గదా," అన్నాడు డ్రైవరుతో, "పాటేంది ఇంకా వస్తా ఉండాది?"

డ్రైవరు అద్దంలోకి చూశాడు. కుర్రాళ్ళు దరువు ఆపారు, పాట నచ్చి కాదు, ఈ నిదానానికి ఎక్కడ కొట్టాలో తెలియక. పెద్దాయన వెనక్కి తిరిగి, సుధారాణి నోటి వైపు చూసి, నమ్మలేక మళ్ళీ టూ-ఇన్-వన్ వైపు చూశాడు. రాహేలమ్మ తన చీటీల కవరు ఒళ్ళో పెట్టి, సుధారాణి మోకాలి మీద చెయ్యి వేసి, "మళ్ళా ఆ సెల్లులు వెయ్యబాక నాయనా, నీకు పుణ్యముంటుంది," అంది కండక్టరుతో.

దూరంగా ఉదయగిరి దుర్గం కనిపిస్తోంది. శాంతి ఈపాటికి వైర్లు కలిపేసి ఉంటాడు, రామనారాయణ పరిణామం గురించి రాసుకుంటూ ఉంటాడు, అశ్విత టేపు ముందు పెట్టుకుని ఇంకోసారి వింటూ ఉంటుంది. ఆ పిల్లను హమ్మింగ్ చేయనీ, ఆ గొంతు ఆ పాట మీద పొడవునా ఒక సన్నగీత లాగా బాగానే ఉంటుంది. ఎగిరేవాళ్ళు ఎగరలేక కూర్చుంటారు, కొందరు లేచి పోతారు, పోనీ. పాటలో ఇంకా మూడు చరణాలున్నాయి. వాటికి ఎంతసేపు పట్టాలో అంతసేపూ పడుతుంది, ఊరొచ్చేలోగా అయిపోకపోతే మిగిలింది స్టేజీ మీద పాడుతుంది.